సమాజశాస్త్రం డిగ్రీలో చదవడం: లోకజ్ఞానం ఉన్నవారికి ఇది అవసరమా?

ప్రశ్న
అడిగినవారు: డిగ్రీలో చేరబోతున్న విద్యార్థిని

అందరికీ నమస్కారం. ఈ సంవత్సరంతో నా పాఠశాల చదువు పూర్తయింది. ఇంతవరకు గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు చదివాను, మార్కులూ బాగానే వచ్చాయి. అయినా డిగ్రీలో సమాజశాస్త్రాన్ని ప్రధాన విషయంగా తీసుకోవాలని కొన్ని నెలలుగా బలంగా అనిపిస్తోంది.

ఈ కోరిక వెనుక ఒక చిన్న సంఘటన ఉంది. మా తరగతిలో ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఉపాధ్యాయులెవరూ చెప్పలేదు. అయినా రెండు వారాలు తిరిగేసరికి ఎవరి స్థలం ఎవరిదో ఖాయమైపోయింది, సంవత్సరం పొడవునా అది మారలేదు. ఒకరోజు నేను కావాలనే వెళ్లి వెనుక బల్లపై కూర్చున్నాను. రోజూ అక్కడ కూర్చునే అమ్మాయి వచ్చి, ఒక్క మాటా అనకుండా, బల్లపై పెట్టిన నా సంచినే చూస్తూ నిలబడిపోయింది. అర నిమిషం కూడా గడవకముందే నేను సంచి తీసుకుని నా పాత స్థలానికి వెళ్లిపోయాను. రాసిన నియమం ఏదీ లేని చోట మేమిద్దరం దేన్ని పాటించామన్న ప్రశ్న అప్పటి నుంచి నన్ను వదలడం లేదు.

మా నాన్నగారు కాదనడం లేదు. అయితే ఒక మాట అడిగారు: మనుషుల మధ్య బతికే ప్రతివారికీ తెలిసిన సంగతులనే పెద్ద పెద్ద మాటలతో చెప్పే చదువుకు మూడు నాలుగేళ్లు వెచ్చించడం ఎందుకు? నాకు సరైన సమాధానం తట్టలేదు. ఆ చదువులో నిజంగా ఏమి నేర్పుతారు, మనస్తత్వశాస్త్రానికీ దానికీ తేడా ఏమిటి, నేను చదివిన గణితం అందులో పనికివస్తుందా, పూర్తయ్యాక ఏ పనులు చేయవచ్చు అన్న విషయాలు ఆ చదువు చదివినవారూ చెప్పినవారూ వివరిస్తే మా నాన్నగారితో కూర్చుని మాట్లాడగలను.

సమాధానం 1
రాసినవారు: సమాజశాస్త్ర అధ్యాపకుడు

మీ నాన్నగారి ప్రశ్న తీసిపారేయదగినది కాదు. ఈ శాస్త్రాన్ని బోధించే ప్రతివారూ దాన్ని ఎదుర్కోవలసిందే, నేనూ ఏటా మొదటి తరగతిలో దానితోనే మొదలుపెడతాను. నాకంటే ఎంతో ముందు అమెరికా సమాజశాస్త్రవేత్త పాల్ లాజర్స్‌ఫెల్డ్ దానికి చక్కని సమాధానం ఇచ్చారు కనుక ఆయన చేసిన పనినే మీకు చెబుతాను.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో శామ్యూల్ స్టౌఫర్ నాయకత్వంలో ఒక పరిశోధక బృందం 5 లక్షల మందికి పైగా అమెరికా సైనికులను ప్రశ్నించింది. ఆ అధ్యయనం 1949లో వెలువడినప్పుడు లాజర్స్‌ఫెల్డ్ దానిపై ఒక సమీక్ష రాస్తూ, అందులో తేలిన విషయాలంటూ కొన్నింటిని వరుసగా పేర్కొన్నారు. చదువు ఎక్కువగా ఉన్న సైనికుల్లో మానసిక ఆందోళన లక్షణాలు తక్కువ చదువుకున్నవారిలో కంటే ఎక్కువగా కనిపించాయన్నది ఒకటి. పల్లెల నుంచి వచ్చినవారు పట్టణాల నుంచి వచ్చినవారి కంటే సైనిక జీవితంలో ఉత్సాహంగా ఉన్నారన్నది మరొకటి. పోరాటం సాగుతున్నంత కాలం ఇల్లు చేరాలన్న ఆత్రం, జర్మనీ లొంగిపోయిన తరువాతి రోజుల్లో కంటే ఎక్కువగా ఉందన్నది ఇంకొకటి. ప్రతిదాని పక్కనా పాఠకుడికి వెంటనే తట్టే కారణాన్ని కూడా ఆయనే రాశారు: చదువుకున్నవారు సున్నితంగా ఉంటారు, పల్లెవాసులు కష్టానికి అలవాటు పడినవారు, ప్రాణం మీద తీపి ఎవరికైనా ఉంటుంది. ఇంత తెలిసిన సంగతులకు ఇంత పెద్ద పరిశోధన ఎందుకని పాఠకుడు అనుకునే చోటుకు తీసుకువచ్చి, అప్పుడు అసలు మాట చెప్పారు: ఈ వాక్యాలన్నీ నిజంగా తేలినవాటికి తలకిందులు.

మీరు ఇంట్లో ఇదే పని చేసి చూడండి. ముందు ఆ తప్పు వాక్యాలను నాన్నగారికి వినిపించండి. ఆయన తల ఊపుతారు, నేనూ మొదటిసారి చదివినప్పుడు ఊపాను. ఆ తరువాత సరైనవి వినిపించండి. చదువుకున్నవారికి పరిస్థితిని అర్థం చేసుకునే నేర్పు ఉంటుంది కనుక ఆందోళన తక్కువ అన్నా అదీ సహజంగానే తోస్తుంది. ఏది చెప్పినా అదే సహజమనిపించినప్పుడు, సహజంగా తోచడమనేది ఒక మాట నిజమనడానికి రుజువు కాలేదు. లోకజ్ఞానం అబద్ధమని నేను అనడం లేదు. దాని దగ్గర ప్రతి ఫలితానికీ ఒక కారణం సిద్ధంగా ఉంటుంది, కానీ ఆ రెండు ఫలితాల్లో ఏది జరిగిందో తేల్చే సాధనం ఉండదు. డిగ్రీలో మీరు నేర్చుకునేది ఆ సాధనాన్నే.

అదే అధ్యయనంలోని మరొక ఫలితం నాకు చాలా ఇష్టం. పదోన్నతులు అరుదుగా దొరికే సైనిక పోలీసు విభాగంలో ఉన్నవారు, అవి విరివిగా దొరికే వైమానిక దళంలోని వారి కంటే పదోన్నతి అవకాశాల విషయంలో ఎక్కువ సంతృప్తిగా ఉన్నారు. తన చుట్టూ ఎవరికీ రాని చోట రాకపోవడం మనిషిని అంతగా బాధించదు. పక్కనున్న పది మందికీ వచ్చి తనకు రాకపోతే ఆ వెలితి పెద్దదిగా కనిపిస్తుంది. దీన్ని సాపేక్ష లేమి అంటారు. ఈ ఒక్క భావన అర్థమైతే, ఆదాయాలు పెరుగుతున్న కాలంలోనే అసంతృప్తి ఎందుకు పెరగగలదో, ఏ నష్టమూ జరగని వర్గం కూడా తనకు అన్యాయం జరిగిందని ఎందుకు భావించగలదో కొత్తగా ఆలోచించడం మొదలుపెడతారు.

మనస్తత్వశాస్త్రంతో తేడా గురించి అడిగారు. ఒక పిల్లవాడు బడి మానేశాడనుకోండి, అతని మనసులో ఏమి జరిగిందన్నది మనస్తత్వశాస్త్రం అడిగే ప్రశ్న. బడి మానేసేవారు ఏ వర్గాల నుంచి, ఏ తరగతిలో, ఏ కాలంలో ఎక్కువగా ఉంటున్నారు, పిల్లలు మారుతున్నా ఆ నిష్పత్తి ఏళ్ల తరబడి ఎందుకు నిలకడగా ఉంటోంది అన్నది మన ప్రశ్న. వ్యక్తులు మారినా మారకుండా నిలిచే ఆ తీరునే ఫ్రెంచ్ సమాజశాస్త్రవేత్త ఎమిల్ దుర్ఖైమ్ సామాజిక వాస్తవం అన్నాడు. 1897లో వెలువడిన ఆత్మహత్యల అధ్యయనంలో, అత్యంత వ్యక్తిగతమని అందరూ అనుకునే ఆ చర్య రేటు కూడా మతాన్ని బట్టి, వివాహ స్థితిని బట్టి, దేశ పరిస్థితులను బట్టి క్రమం తప్పకుండా మారుతోందని ఆయన చూపించాడు. కంప్యూటర్ ఊహకైనా రాని ఆ కాలంలో, సుమారు 26,000 మరణాల వివరాలను వయసు, లింగం, వివాహం, సంతానం ప్రకారం విడదీసే పని ఆయన మేనల్లుడు మార్సెల్ మోస్ ఒక్కడే చేతితో చేశాడని నా విద్యార్థులకు తప్పకుండా చెబుతాను.

అయితే డిగ్రీలో మీరు దుర్ఖైమ్ చెప్పింది నేర్చుకుని ఊరుకోరు. ఒక మరణాన్ని ప్రమాదమని రాయాలో ఆత్మహత్య అని రాయాలో నిర్ణయించేది ఎవరు? ఒక వైద్యుడో ఒక అధికారో. ఆత్మహత్యను మహాపాపంగా భావించే సమూహంలో కుటుంబం ఆ సంగతిని దాచడానికి శాయశక్తులా ప్రయత్నించవచ్చు. అప్పుడు దుర్ఖైమ్ లెక్కల్లో క్యాథలిక్కులలో కనిపించిన తక్కువ సంఖ్య, తక్కువ మరణాలను చూపుతోందా, తక్కువ నమోదును చూపుతోందా? 1967లో సమాజశాస్త్రవేత్త జాక్ డగ్లస్ ఈ అభ్యంతరాన్ని విస్తారంగా చర్చించాడు. ఈ ప్రశ్నను విద్యార్థి ఎవరూ చెప్పకుండా తానే అడిగిన రోజున నాకు కలిగే సంతోషం, ఆ విద్యార్థికి మొదటి స్థానం వచ్చినప్పుడు కూడా కలగదు.

సమాధానం 2
రాసినవారు: సమాజశాస్త్రం, చివరి సంవత్సరం విద్యార్థి

అధ్యాపకులు చెప్పినదానికి విద్యార్థి వైపు నుంచి కొంత చేర్చాలనుకుంటున్నాను, ఎందుకంటే మొదటి సంవత్సరం అంత ఉత్తేజకరంగా ఉంటుందని మీరు ఆశిస్తే నిరుత్సాహపడవచ్చు. మొదటి ఆరు నెలలూ నిర్వచనాలే ఎక్కువ. సమూహం, సంస్థ, పాత్ర, హోదా, సామాజికీకరణ, స్తరీకరణ అంటూ ఒక్కొక్క మాటకూ నలుగురు పండితుల నిర్వచనాలు అప్పజెప్పవలసివచ్చినప్పుడు, నేను తప్పు విషయం ఎంచుకున్నానేమోనని నిజంగానే దిగులుపడ్డాను.

ఆ దిగులు ఒక అభ్యాసంతో పోయింది. ప్రజలు వేచి ఉండే ఏదైనా చోట ఒక గంట కూర్చుని, చూసినదంతా రాసి తెమ్మన్నారు. నేను ఒక ఆసుపత్రిలో రోగులు వేచి ఉండే గదిలో కూర్చుని నాలుగు పేజీలు రాశాను. అందులో మొదటి వాక్యం, జనం విసుగ్గా ఉన్నారు అని. నా పుస్తకం తిరిగి వచ్చేసరికి ‘విసుగ్గా’ అన్న మాట చుట్టూ ఎర్ర సిరాతో ఒక వలయం, దాని పక్కన ‘మీకు ఎలా తెలిసింది?’ అన్న ప్రశ్న ఉన్నాయి. నాలుగు పేజీలలో అలాంటి వలయాలు పదిహేడు. రెండోసారి అదే గదికి వెళ్లి, ఒకాయన పది నిమిషాల్లో ఆరుసార్లు గోడ గడియారం చూశాడని, ఒకామె తన చీటీని మడిచి విప్పి మళ్లీ మడిచిందని, పక్క కుర్చీలో సంచి పెట్టుకున్నవారు తమకంటే వయసులో పెద్దవారు వచ్చినప్పుడు తీశారు గానీ శుభ్రపరిచే సిబ్బంది వచ్చి నిలబడినప్పుడు తీయలేదని రాశాను. ఆ చివరి సంగతి మొదటిసారి కూడా నా కళ్ల ముందే జరిగి ఉండాలి. విసుగు అన్న మాట రాసేసి తృప్తిపడిన నాకు అది కనబడలేదు.

మీకు గణితం వచ్చినందుకు సంతోషించండి. మా తరగతిలో చాలామంది లెక్కలు తప్పించుకోవడానికి ఈ విషయం తీసుకుని, రెండో సంవత్సరంలో పరిశోధన పద్ధతులు, గణాంకశాస్త్రం పేపర్లు రాగానే బెంబేలెత్తిపోయారు. అక్కడ కావలసింది కష్టమైన గణితం కాదు. శాతాలు, సగటు, విచలనం, సహసంబంధం, నమూనా దోషం (అందరినీ కాక కొందరినే ఎంచుకుని అడగడం వల్ల వచ్చే తేడా) వంటివి తెలిస్తే చాలు. కష్టం వేరే చోట ఉంది: అంకె సరిగ్గా వచ్చినా దాని అర్థం తప్పుగా చెప్పే ప్రమాదం.

మాకు చెప్పిన ఉదాహరణనే ఇస్తాను. 1973లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ ప్రాంగణంలో ఉన్నత విద్యకు దరఖాస్తు చేసిన పురుషుల్లో సుమారు 44 శాతం మందికి, స్త్రీలలో సుమారు 35 శాతం మందికి ప్రవేశం దొరికింది. వివక్ష స్పష్టంగా ఉన్నట్టే కదా. కానీ విభాగాల వారీగా విడదీసి చూసినప్పుడు చాలా విభాగాల్లో స్త్రీలకు వ్యతిరేకమైన తేడా కనబడలేదు, మొత్తం మీద చూస్తే కొద్దిగా స్త్రీల వైపే మొగ్గు ఉన్నట్టు కూడా తేలింది. స్త్రీలు ఎక్కువగా దరఖాస్తు చేసినవి సీట్లకు పోటీ తీవ్రంగా ఉన్న విభాగాలు. గణాంకవేత్త పీటర్ బికెల్, ఆయన సహచరులు 1975లో దీన్ని ప్రచురించారు. గణితం తరగతిలో ఈ కథ ఇక్కడితో ముగుస్తుంది. మా తరగతిలో మాత్రం ఇక్కడి నుంచే మొదలైంది: స్త్రీలు ఆ విభాగాలవైపే ఎందుకు వెళ్లారు? పాఠశాలలో వారికి ఏ విషయాలు తగినవని ఎవరు చెప్పారు? వివక్ష లేదని అనాలా, లేక అది ప్రవేశ సంఘం గదిలో కాక అంతకు పదేళ్ల ముందే మరో చోట జరిగిందని అనాలా? రెండు గంటలు వాదించుకున్నాం.

చదవడం గురించి ఒక మాట. పరీక్షల కోసం దొరికే సంక్షిప్త గైడ్లతో ఉత్తీర్ణులు కావచ్చు, కానీ వాటిలో ఈ శాస్త్రానికి పునాది వేసిన మార్క్స్, వెబర్, దుర్ఖైమ్ ముగ్గురూ ఒకే గొంతుతో మాట్లాడతారు. నెలకు పది పేజీలైనా సరే, మూల రచననో దాని మంచి అనువాదాన్నో చదవండి. అలాగే పాఠ్యప్రణాళికలో ఎవరున్నారో చూసినట్టే ఎవరు లేరో కూడా చూడండి. అమెరికా నల్లజాతి పండితుడు డబ్ల్యు.ఇ.బి. డుబాయిస్ ఫిలడెల్ఫియాలోని ఒక వార్డులో ఇంటింటికీ స్వయంగా తిరిగి చేసిన అధ్యయనం 1899లోనే వచ్చింది, అంటే దుర్ఖైమ్ అధ్యయనం వచ్చిన రెండేళ్లకే. ఆయనను ఈ శాస్త్రపు తొలి తరంలో చేర్చి బోధించడం మాత్రం చాలా చోట్ల ఎంతో ఆలస్యంగా మొదలైంది. ఆ ఆలస్యం ఎందుకు జరిగిందన్నది కూడా సమాజశాస్త్ర ప్రశ్నే.

సమాధానం 3
రాసినవారు: సర్వే పర్యవేక్షకురాలు, సమాజశాస్త్ర పట్టభద్రురాలు

ఉద్యోగాల గురించి ఎవరూ రాయలేదు కనుక నేను రాస్తాను. ఈ డిగ్రీకి నేరుగా ముడిపడిన ఉద్యోగం పేరు ఏదీ లేదు. వైద్యం చదివితే వైద్యులవుతారు, న్యాయశాస్త్రం చదివితే న్యాయవాదులవుతారు. సమాజశాస్త్రం చదివితే సమాజశాస్త్రవేత్త అనిపించుకోవడానికి పైచదువు, చాలా సందర్భాల్లో పరిశోధన పట్టా కూడా కావాలి. డిగ్రీతో ఆపినవారు సర్వే సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు, ప్రభుత్వ ఉద్యోగాలు, పాత్రికేయం, సిబ్బంది నిర్వహణ, బోధన వంటి రంగాలకు వెళతారు, లేదా సామాజిక సేవ, ప్రజారోగ్యం, న్యాయశాస్త్రం, జనాభా అధ్యయనం వంటివాటిలో పైచదువుకు వెళతారు. దారులు చాలా ఉన్నాయి. ఏ దారీ తనంతట తానుగా ఎదురురాదు.

నా పనిలో ఈ చదువు ఎక్కడ అక్కరకు వచ్చిందో ఒక్క ఉదాహరణతో చెబుతాను. ఇంట్లో ఖర్చుల విషయంలో నిర్ణయం ఎవరిదన్న ప్రశ్న మా ప్రశ్నావళిలో ఉండేది. ఒక ఇంట్లో గృహిణిని ఆ ప్రశ్న అడిగితే, ఆయనదే అని వెంటనే చెప్పింది. నేను ఆ గడిలో గుర్తు పెడుతుండగానే కొడుకు వచ్చి బడికి కట్టవలసిన డబ్బు అడిగాడు. ఆమె లేచి, బీరువాలో బట్టల కింద నుంచి ఒక కవరు తీసి, నోట్లు లెక్కపెట్టి, రెండు వెనక్కి పెట్టి, మిగిలినవి ఇచ్చి, రసీదు తెమ్మని గట్టిగా చెప్పి మళ్లీ నా ఎదుట కూర్చుంది. భర్త ఇంట్లో లేడు, ఆయనను ఎవరూ అడగలేదు. ఆమె అబద్ధం చెప్పలేదు. నిర్ణయం అన్న మాట ఆమెకు పెద్ద విషయాలకు సంబంధించినదిగా, ఇంటి యజమానికి చెందినదిగా వినిపించింది. తాను రోజూ చేసేదానికి ఆమె దగ్గర ఆ పేరు లేదు.

మరుసటి విడతలో ఆ ప్రశ్నను తీసేసి, కిందటి వారం డబ్బు ఖర్చు పెట్టిన మూడు సందర్భాలు చెప్పమని, ప్రతి సందర్భంలోనూ డబ్బు ఎవరి చేతి నుంచి వెళ్లింది, ముందుగా ఎవరిని అడిగారు అని విడివిడిగా అడగాలని నేను ప్రతిపాదించాను. సమాధానాల తీరే మారిపోయింది. ప్రశ్నను ఇలా విప్పి చూడడం నాకు డిగ్రీలో పద్ధతుల పేపరు చెప్పినవారే నేర్పారు, అందుకు ఈనాటికీ కృతజ్ఞతతో ఉన్నాను.

ఎక్కువమందిని అడిగితే నిజం దానంతటదే తేలుతుందన్న భ్రమ కూడా అక్కడే పోతుంది. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక సుమారు కోటి మందికి కార్డులు పంపి, 20 లక్షలకు పైగా జవాబులు అందుకుని, లాండన్ అనే అభ్యర్థి గెలుస్తాడని ప్రకటించింది. గెలిచింది రూజ్‌వెల్ట్, అదీ 48 రాష్ట్రాల్లో 46 సాధించి. టెలిఫోను, కారు ఉన్నవారి జాబితాల నుంచి చాలా చిరునామాలు తీసుకోవడం, జవాబు పంపే ఓపిక ఉన్నవారి మాటే లెక్కకు రావడం ఆ పొరపాటుకు కారణాలు. లక్షల మంది స్పందించారన్న శీర్షిక ఏ వార్తలో చూసినా నాకు మొదట ఆ కార్డులే గుర్తుకొస్తాయి.

ఉద్యోగ ప్రయత్నం చేసే రోజుల్లో సమాజశాస్త్రవేత్త మార్క్ గ్రనోవెటర్ 1973లో రాసిన వ్యాసం కూడా చదవండి. పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికినవారిని ఆయన అడిగినప్పుడు, ఆ సమాచారం ఇచ్చిన వ్యక్తిని తరచూ కలిసేవారమని చెప్పినవారు ఆరింట ఒక వంతే. మిగిలినవారికి ఆ కబురు అప్పుడప్పుడో అరుదుగానో కలిసేవారి నుంచి వచ్చింది. దగ్గరి స్నేహితులకు తెలిసినది మనకూ తెలిసే ఉంటుంది, కొత్త సమాచారం దూరపు పరిచయాల నుంచే వస్తుంది. నా మొదటి ఉద్యోగం సంగతి ఒక సెమినారులో ఒక్కసారి మాట్లాడినావిడ నుంచి తెలిసింది.

సమాధానం 4
రాసినవారు: పూర్వ విద్యార్థి, ప్రస్తుతం మరో రంగంలో

నేను కొంచెం భిన్నంగా చెప్పవలసి వస్తోంది, మన్నించండి. నేను ఈ డిగ్రీ చేసిన చోట మూడేళ్లలో ఒక్క క్షేత్ర పర్యటన కూడా లేదు. నమూనా అంటే నిర్వచనం రాశాం గానీ ఒక్క నమూనా తీయలేదు. ప్రాజెక్టు పేపరుకు ముందరి సంవత్సరం వారి నివేదికను చూసి రాసుకోమన్నారు, మేమూ అలాగే రాశాం. డిగ్రీ చేతికి వచ్చాక ఉద్యోగ ఇంటర్వ్యూలో మీరు ఏమి చేయగలరని అడిగితే, ఐదుగురు పండితుల పేర్లు తప్ప చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. తరువాత రెండేళ్లు ఖర్చు చేసి గణాంక సాఫ్ట్‌వేర్ నేర్చుకుని వేరే రంగంలో స్థిరపడ్డాను.

విషయంపై నాకు కోపం లేదు, పైన రాసినవారి అనుభవాలు చదువుతుంటే అలా చదవలేకపోయానే అన్న బాధే కలిగింది. అందుకే మీకు చెప్పేది ఒక్కటే. చేరే ముందు ఆ కళాశాల పాఠ్యప్రణాళిక తెప్పించుకుని, పద్ధతులకు ఎన్ని పేపర్లున్నాయి, క్షేత్రపని తప్పనిసరా, విద్యార్థి స్వయంగా చేసే పరిశోధన వ్యాసం ఉందా అని చూడండి. వీలైతే చివరి సంవత్సరం విద్యార్థి ఒకరిని కలిసి, నువ్వు స్వయంగా సేకరించిన సమాచారం ఏదైనా ఉందా అని అడగండి. ఆ ఒక్క జవాబుతో మీకు చాలా తెలుస్తుంది.

అడిగినవారి స్పందన

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. సైనికుల అధ్యయనంలోని వాక్యాలను నిన్న రాత్రి నాన్నగారికి వినిపించాను. మూడింటికీ అవునన్నారు. అవి తలకిందులని చెప్పగానే కాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత, మరి ఆ సైనికులు నిజమే చెప్పారని వాళ్లకు ఎలా తెలుసు అని అడిగారు. ఎర్ర సిరాతో అడిగినది కూడా ఇదే కదా అని నాకు నవ్వు వచ్చింది, సంతోషమూ కలిగింది. చేరడానికి ఒప్పుకున్నారు. రెండు కళాశాలల పాఠ్యప్రణాళికలు కూడా తెప్పించుకున్నాను, ఒకదానిలో మాత్రమే క్షేత్రపని ఉంది.

ఈ ఉదయం గ్రంథాలయంలో ఒక గంట కూర్చుని పరిశీలన రాసే ప్రయత్నం చేశాను. ఎదుటి బల్ల దగ్గర ఉన్న అతను అలసిపోయాడు అని రాసి, కొట్టేసి, రెండుసార్లు తల బల్లపై ఆన్చాడు, అదే పేజీ మూడుసార్లు తిప్పాడు అని రాశాను. అయితే మధ్యలో అతను తల ఎత్తి నన్ను చూశాడు. నేను వెంటనే పుస్తకం మూసేశాను, ఏదో తప్పు చేస్తూ పట్టుబడినట్టు అనిపించింది. ఇలా తెలియని మనుషుల గురించి వారిని అడగకుండా రాసుకోవచ్చా?

సమాధానం 5
రాసినవారు: సమాజశాస్త్ర అధ్యాపకుడు

నాన్నగారి ప్రశ్న నా పరీక్షా పత్రంలో పెట్టుకోదగినంత మంచిది. ఆ సర్వేలో సైనికులు పేరు రాయకుండా జవాబులు ఇచ్చే ఏర్పాటు చేయడానికి ఒక కారణం సరిగ్గా అదేనని ఆయనకు చెప్పండి. అయినా ఆ సందేహం పూర్తిగా తీరదని కూడా చెప్పండి.

మీ ప్రశ్న మరింత ముఖ్యమైనది. అందరూ వచ్చిపోయే చోట, ఎవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా, సాధారణంగా కంటికి కనబడేవాటిని రాసుకోవడం అభ్యాసంగా సమ్మతమే. పేరు, ముఖ కవళికల వంటి ఆనవాళ్లు, చాటుగా విన్న సొంత మాటలు రాయకూడదు, ఫొటో తీయకూడదు. ఎవరైనా ఏమి రాస్తున్నారని అడిగితే దాచకుండా చెప్పాలి, వద్దంటే వారి గురించి రాసిన భాగాన్ని వారి ఎదుటే కొట్టేయాలి. మాట్లాడించి రాసుకునే పనికి మాత్రం ముందుగా అనుమతి అడగవలసిందే, డిగ్రీలో చేరాక అలాంటి పనికి మీ కళాశాల ఆమోదం కూడా తీసుకోవలసి రావచ్చు.

పుస్తకం మూసేసిన ఆ క్షణాన్ని కూడా నోట్సులో రాయండి. అతను ఎప్పుడు చూశాడు, మీరు ఏమి చేశారు, ఆ తరువాత అతను ఎలా కూర్చున్నాడు అన్నవి మీ పరిశీలనలో భాగమే, ఎందుకంటే అప్పటి నుంచి ఆ గదిలో చూసేవారు మీరొక్కరే కాదు. పాఠశాలలో వెనుక బల్ల దగ్గర మీరు సంచి తీసుకుని లేచిపోయిన సంగతిని దాని పక్కన పెట్టి చూడండి. రెండు చోట్లా ఎవరూ మిమ్మల్ని ఒక్క మాట అనలేదు.

ఇంకొక ఆచరణాత్మకమైన సంగతి. నోట్సును ఆ రోజే శుభ్రంగా తిరగరాసి, నకలు ఒకటి వేరే చోట ఉంచండి. భారతీయ సమాజశాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ 1948లో ఒక గ్రామంలో చేసిన క్షేత్రపని ఆధారంగా పద్దెనిమిదేళ్లపాటు సిద్ధం చేసుకున్న నోట్సు, మూడు ప్రతులూ ఒకే గదిలో ఉండడం వల్ల, 1970లో స్టాన్‌ఫర్డ్‌లో దుండగులు పెట్టిన మంటల్లో కాలిపోయింది. ఆయన జ్ఞాపకం మీద ఆధారపడి ఆ గ్రామం గురించి మళ్లీ రాయడానికి కూర్చున్నారు, ఆ పుస్తకం 1976లో వచ్చింది. క్షేత్రంలో చూసినది ఆయన మనసులో అంత లోతుగా నిలిచింది కనుక అది సాధ్యమైంది. మీరు మాత్రం రెండో ప్రతిని మరో ఇంట్లో పెట్టండి.